వాడని ఫైర్‌ప్లేస్‌ను మూసేదెలా: ఇంగ్లండ్ పాత ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలపు వరుస ఇల్లు కొన్నవారికి మొదటి చలికాలంలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. హీటింగ్ ఎంత పెంచినా హాల్లో కాళ్ల దగ్గర చలిగాలి ఆగదు. కిటికీలకు పట్టీలు అంటిస్తారు, తలుపు కింద గుడ్డ చుట్ట పెడతారు. గోడ మధ్యలో ఆకాశం దాకా తెరిచి ఉన్న పొగగొట్టాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు, అది అలంకారంలా కనిపిస్తుంది కాబట్టి. ఇళ్ల ఎనర్జీ రేటింగ్ లెక్కగట్టడానికి బ్రిటన్‌లో వాడే ‘శాప్’ పద్ధతి తాజా రూపంలో, తెరిచి ఉన్న ఒక్క చిమ్నీ గంటకు 80 ఘనపు మీటర్ల గాలిని బయటికి పంపుతుందని లెక్క వేసుకుంటుంది. బాత్‌రూమ్ ఫ్యానుకు అదే లెక్కలో 10 మాత్రమే. మూసిన చిమ్నీకి 20 వేస్తారు. సున్నా ఎందుకు వేయరన్నది గమనించండి: సరిగ్గా మూసిన చిమ్నీలో కూడా కొంత గాలి ఆడుతూ ఉండాలి.

ఈ పనిలో చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. చలి వస్తోంది కాబట్టి కింద ఇటుకలు పేర్చి, పైన సిమెంటు పోసి, రెండు చివరలా గాలి చొరబడకుండా బిగిస్తారు. ఒకటి రెండేళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత చిమ్నీ గోడ మీద, ముఖ్యంగా పై అంతస్తు పడకగదిలో, టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు తేలతాయి. నూరేళ్లపాటు బొగ్గు మండిన గొట్టం లోపలి ఇటుకల్లో మసితోపాటు సల్ఫేట్లు, క్లోరైడ్ల వంటి లవణాలు ఇంకిపోయి ఉంటాయి. వీటిలో కొన్ని గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పొయ్యి వెలిగిన రోజుల్లో ఆ వేడే గొట్టాన్ని ఆరబెట్టేది. ఇప్పుడు వేడి లేదు, గాలి కూడా లేకపోతే తేమకు పోయే దారి గోడలోంచి గదిలోకే. కాబట్టి పైన వాన పడకుండా చూడాలి, కింద చిన్న గాలి రంధ్రం వదలాలి, మధ్యలో గొట్టాన్ని శుభ్రంగా ఉంచాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మూడింటి కోసమే.

మొదట: ఆ గొట్టం నిజంగా వాడకంలో లేదా?

‘వాడడం లేదు’ అని ఇల్లు అమ్మినవారు చెప్పిన మాట చాలదు. ఫైర్‌ప్లేస్‌లో పాత గ్యాస్ హీటర్ ఉంటే దాని వెనక బాయిలర్ దాగి ఉండవచ్చు. 1970ల్లో ఇటువంటి బాయిలర్లను చాలా ఇళ్లలో పెట్టారు. ఇల్లంతటికీ వేడినీళ్లు ఇచ్చే ఆ పరికరం విడిచే పొగ ఈ గొట్టంలోంచే పోతుంది. దాన్ని మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. రంగు, వాసన లేని ఆ వాయువు ప్రాణం తీస్తుంది. గ్యాస్ పరికరాన్ని విడదీయడం, గ్యాస్ పైపుకు బిరడా వేయడం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరే చేయాలి. ఇది చట్టం. పాత కాగితాల మీద ‘కోర్గి’ (అంతకుముందున్న గ్యాస్ ఇంజనీర్ల రిజిస్టర్) అని ఉంటే అది 2009 ఏప్రిల్‌కు ముందు నాటిది. ఇప్పుడు ఆ పేరు మీద వచ్చేవారికి గ్యాస్ పని అప్పగించకండి.

బొగ్గు పొయ్యి వెనక కూడా నీటి బాయిలర్ ఉండే ఇళ్లున్నాయి. పైపులు కోసి, నీళ్లు లోపలే ఉంచి రెండు చివరలూ బిగించేసినదైతే, ఎప్పుడో ఎవరో ముందున్న పొయ్యి వెలిగించగానే అది పేలిపోగలదు. మూసేముందు దాన్ని తీయించండి. తీయడం కుదరకపోతే కనీసం నీళ్లు పూర్తిగా వదిలేసి, ఆవిరి పోయేలా రంధ్రం చేయించండి.

ఇక పాత మూతల సంగతి. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన విషపు పొగమంచు తర్వాత 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. పట్టణాల్లో పొగ బొగ్గు తగ్గింది, తర్వాతి దశాబ్దాల్లో సెంట్రల్ హీటింగ్ వచ్చింది. అప్పట్లో ఇంటింటా ఫైర్‌ప్లేస్ ముందు ఒక పలక కొట్టి రంగు వేసేశారు. ఆ పలక మామూలు హార్డ్‌బోర్డు కావచ్చు, ఆస్బెస్టాస్ పలక కావచ్చు. చూపుతో తేడా పట్టుకోలేం. బ్రిటన్ ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు బిగించిన పలక ఏదైనా సరే, దాన్ని రంపంతో కోయకండి, సుత్తితో విరగ్గొట్టకండి. నమూనా తీసి పరీక్షించే ప్రయోగశాలలు ఉన్నాయి, ఖర్చు కూడా పెద్దది కాదు. ఫలితం వచ్చేదాకా ఆ పలకను కదపవద్దు.

అనుమతుల విషయం త్వరగా ముగిద్దాం. ఇల్లు చారిత్రక జాబితాలో ఉంటే స్థానిక కౌన్సిల్‌ను అడగకుండా ఫైర్‌ప్లేస్‌ను ముట్టుకోవద్దు. ఫ్లాట్ అయితే చిమ్నీ మీది కాకపోవచ్చు, లీజు చదివి, భవన యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కింది ఫ్లాటు పొగగొట్టం మీ గోడలోంచే పైకి వెళ్తుండవచ్చని కూడా గుర్తుంచుకోండి. సొంత ఇంట్లో కేవలం ముందు ద్వారాన్ని మూయడానికి సాధారణంగా ఏ అనుమతీ అక్కర్లేదు. గదిలోకి పొడుచుకొచ్చిన చిమ్నీ గోడను పూర్తిగా కూల్చడం మాత్రం వేరే పని. దానికి నిర్మాణ నిబంధనల ఆమోదం, ఇంజనీరు లెక్కలు, ఉమ్మడి గోడ అయితే పక్కింటివారికి 1996 నాటి పార్టీ వాల్ చట్టం కింద నోటీసు కావాలి. స్థలం కలిసొస్తుందని కింద కూల్చి, పైనున్న టన్నుల ఇటుకను గాలికి వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. ఈ వ్యాసం ఆ పని గురించి కాదు.

గొట్టం ఊడ్పించడం

మూసేయబోయే గొట్టానికి మసి తీయించడం దండగ అనిపిస్తుంది. నిజానికి మూయబోతున్నాం కాబట్టే తీయించాలి. లోపల మిగిలిన ప్రతి పొరా ఉప్పును, తేమను పట్టి ఉంచుతుంది, వేసవిలో తడిసిన బూడిద వాసన కొడుతుంది. చిమ్నీ ఊడ్చేవారి సంఘాల్లో సభ్యుడైన మనిషిని పిలవండి, పని అయ్యాక ధ్రువపత్రం అడగండి. సొంతంగా చేద్దామన్న ఉత్సాహం వద్దు. మసికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే, చిమ్నీలు ఊడ్చేవారిని చూసి గుర్తించాడు.

మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూడు కట్టే కాలం. జాక్‌డా అనే చిన్న కాకులకు పాత చిమ్నీలంటే మహా ఇష్టం, బుట్టెడు పుల్లలు గొట్టంలో నింపేస్తాయి. వాడకంలో ఉన్న గూటిని తీయడం 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. గబ్బిలాలకైతే ఏడాది పొడవునా రక్షణ ఉంది. అందుకే ఈ పనికి సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు: గూళ్లు ఖాళీ అవుతాయి, మంచు ఇంకా మొదలవదు.

ఊడ్చే రోజున ఒకరు వీధిలో నిలబడి పైకి చూడాలి. చిమ్నీ కొసన కప్పు పైన మట్టి కుండలు (చిమ్నీ పాట్‌లు) ఉంటాయి. కర్ర చివరి బ్రష్ ఏ కుండలోంచి బయటికొస్తే అదే ఈ గది గొట్టం. ఫోటో తీసి గుర్తు పెట్టుకోండి. వరుస ఇళ్లలో ఒకే ఇటుక కట్టడం మీద మీ కుండలు, పక్కింటివి కలిసి ఆరో ఎనిమిదో ఉంటాయి. తప్పు కుండకు మూత వేస్తే పక్కింటివారి పొగ వారి గదిలోకే తిరిగి వస్తుంది. ఒక్కో ఫైర్‌ప్లేస్‌కు ఒక్కో గొట్టం అన్నది మామూలు పద్ధతి, కాబట్టి పడకగదుల్లోని చిన్న ఇనుప పొయ్యిలకు కూడా విడివిడిగా ఇదంతా చేయాలి.

పైన: వాన ఆపండి, గాలి ఆపకండి

కుండలోకి దూర్చే మట్టి మూతలు, పక్కల గాలి కంతలున్న టోపీలు దొరుకుతాయి. వాన పడదు, పక్షి దూరదు, గాలి ఆడుతుంది. కుండ పగిలి ఉంటే దాన్ని దించేసి, పైన రాతి పలక పరిచి, ఇటుక కట్టడం పక్కల్లో గాలి ఇటుకలు (గాలి ఆడే కంతలున్న ఇటుకలు) పెట్టించవచ్చు. కుండ నోట్లో సిమెంటు పోయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గొట్టంలో గులకరాళ్లు, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు రవ్వ వంటివి నింపి ‘ఇన్సులేషన్’ చేస్తామనేవారిని కూడా తిప్పి పంపండి. వాన చుక్క ఒక్కటి దారి చేసుకుంటే చాలు, ఆ నింపినదంతా తడిబస్తాలా గోడలోనే మిగిలిపోతుంది.

ఇది నిచ్చెన మీద చేసే పని కాదు. పరంజా కావాలి, ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చు దానికే. అందుకని పరంజా ఉన్నప్పుడే కుండల చుట్టూ ఉన్న మట్టం పూత పగిలిందేమో, ఇటుకల మధ్య సున్నం రాలిందేమో, కప్పు కలిసే చోట సీసపు రేకు లేచిందేమో చూపించి సరిచేయించండి. గదిలో చెమ్మ కనిపించగానే మూసిన ఫైర్‌ప్లేస్‌ను నిందిస్తారు కానీ, చాలాసార్లు అసలు నేరస్థుడు ఆ సీసపు రేకే. పక్కింటివారికి కూడా ముందే చెప్పండి. ఉమ్మడి కట్టడం కాబట్టి ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకోవచ్చు.

కింద: మూడు దారులు

మొదటిది తాత్కాలికం. గొట్టం గొంతులో ఊదే బెలూను గానీ, ఉన్ని దిమ్మ గానీ బిగించడం. కంబ్రియా ప్రాంతపు హెర్డ్‌విక్ గొర్రెల ఉన్నితో చేసే ‘చిమ్నీ షీప్’ ఇందులో పేరున్నది. ఉన్నిలోంచి కొంచెం గాలి ఆడుతుంది కాబట్టి ప్లాస్టిక్ బెలూను కన్నా నాకు అదే నచ్చుతుంది. గొట్టం గొంతు కొలతను అడ్డంగా, నిలువుగా తీసుకుని, దానికి సరిపోయేది కొనండి. కింద ఒక చీటీ వేలాడదీయండి, ‘లోపల మూత ఉంది, నిప్పు పెట్టవద్దు’ అని. అద్దె ఇంట్లో ఉన్నా, ఫైర్‌ప్లేస్ అందం పోకూడదనుకున్నా ఇదే సరైన దారి.

మన ఇళ్లలో ఇక్కడొక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. ఆ ఖాళీ గూడు దేవుడి మందిరానికి కొలిచినట్టు సరిపోతుంది, చాలామంది పటాలు అక్కడే పెట్టుకుంటారు. పైన బెలూనో ఉన్నో ఉండగా కింద దీపం, హారతి వెలిగించకూడదు. అక్కడే పూజ చేసుకోవాలంటే పైన కాలని పలకతో గూటికి కప్పు వేయించుకోండి, లేదా విద్యుత్ దీపం పెట్టుకోండి.

రెండోది చట్రం మీద పలక. ఎక్కువ ఇళ్లకు నేను చెప్పేది ఇదే, రేపు విప్పాలన్నా గంటల పని. పాత ఇనుప చట్రం, చుట్టూ ఉన్న అలంకారం ఉంచుకుంటారా తీస్తారా తేల్చుకోండి. తీసేటట్లయితే అది పక్కల ఇనుప చెవులతో గోడకు బిగించి ఉంటుంది, ఆ మరలు ప్లాస్టరు కింద దాగి ఉంటాయి. అంచు వెంట కొంచెం ప్లాస్టరు తొలిచి వాటిని కనుక్కోండి. పోత ఇనుము ఇద్దరు పట్టినా మోయలేనంత ఉండవచ్చు, పైగా కిందపడితే పగులుతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకవద్దు. తీసినదాన్ని పారేయకండి, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారు దానికోసమే అడగవచ్చు.

ద్వారం పైనున్న ఇనుప పట్టీ లేదా ఇటుక కమాను గోడ బరువు మోస్తుంది, దాన్ని కదపవద్దు. ముందున్న రాతి గచ్చు కూడా అలాగే ఉండనివ్వండి, దాని కింద చెక్క దూలాలకు వేరే ఏర్పాటు ఉంటుంది. ద్వారం లోపలి అంచు వెంట, గోడ ముఖం కన్నా కాస్త లోపలికి, 50 మి.మీ. చెక్క బద్దెలను మరలతో బిగించి చట్రం కట్టండి. చట్రం మీద బిగించే ప్లాస్టర్‌బోర్డు (జిప్సం పలక) మందం 12.5 మి.మీ., దాని మీద పూత మరికొంత. ఆ మందం లెక్కచూసి చట్రాన్ని వెనక్కి పెడితే చివరికి పూత గోడతో సమంగా వస్తుంది. రసమట్టంతో నాలుగు వైపులా చూసుకోండి, పాత గోడలు నిటారుగా ఉంటాయని నమ్మవద్దు. బోర్డు బిగించే ముందే గాలి కంతకు చోటు కోసుకోవడం తేలిక.

ఆ కంత 225 మి.మీ. పొడవు, 75 మి.మీ. ఎత్తు ఉంటే చాలు, ఆ కొలతలో జాలీలు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీకి కాస్త పైన, వీలైనంత కిందికి పెట్టండి. తెరిచి మూసే రకం జాలీ కొనకండి. జనవరిలో ఎవరో ఒకరు దాన్ని మూస్తారు, మళ్లీ తెరవరు. సోఫా వీపు దానికి ఆనకుండా చూసుకోండి. పురుగులు రాకుండా వెనక సన్నని వల పెట్టవచ్చు కానీ, అది దుమ్ముతో పూడకుండా ఏడాదికోసారి దులపాలి.

చిమ్నీ బయటి గోడలో ఉంటే గదిలోకి కాకుండా బయటికే గాలి ఇటుక పెట్టించడం ఇంకా మంచిది. వండే చోట, బట్టలారేసే చోట గది గాలిలో ఆవిరి ఎక్కువ. ఆ వెచ్చటి గాలి చల్లటి గొట్టంలోకి పోయి అక్కడే నీరుగా మారుతుంది. ఇళ్ల మధ్య గోడలోని చిమ్నీకి ఈ వీలు లేదు, గదిలోకే వదలాలి.

మూడోది ఇటుకలతో కట్టడం. పిల్లలు గుద్దినా కదలని గట్టి గోడ కావాలన్నా, దాని మీద బరువైన అల్మరా బిగించాలన్నా ఇది ఎంచుకోండి. ఇంగ్లండ్ ఇటుక 215 మి.మీ. పొడవు, 102.5 వెడల్పు, 65 ఎత్తు. ద్వారం కొలిచి లెక్క వేసుకోండి. పాత గోడకు సిమెంటు కన్నా సున్నపు గచ్చు నయం. ఎన్‌హెచ్‌ఎల్ 3.5 రకం (నీటితో గట్టిపడే సహజ) సున్నం ఒక వంతు, ఇసుక మూడు వంతులు. కొత్త ఇటుకల అంచులను పాత గోడలోకి పళ్లు పెట్టి కలపవద్దు. పక్కల నిలువు అతుకు ఉంచేస్తే, రేపెవరైనా తెరవాలన్నప్పుడు పాత గోడకు దెబ్బ తగలకుండా వస్తుంది. మొదటి వరుసలో గానీ రెండో వరుసలో గానీ గాలి ఇటుక మరిచిపోకండి. పొయ్యి అడుగున పేరుకున్న మట్టిపెళ్లలు, రాలిన ఇటుక ముక్కలు ముందే ఎత్తేయండి, లేకపోతే అవే గాలి ఇటుకను వెనకనుంచి పూడ్చేస్తాయి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా తగ్గే రోజుల్లో సున్నం పని పెట్టుకోవద్దు.

ఇటుకలతో పొయ్యి మూయడం ఈ దేశానికి కొత్త కాదు. 1662 నుంచి 1689 దాకా ఇంగ్లండ్‌లో ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగుల పన్ను ఉండేది. ఆ లెక్కల పుస్తకాల్లో ‘మూసేసినవి’ అన్న నమోదులు కూడా కనిపిస్తాయి.

పూత, రంగు

ఇటుక మీద సున్నపు ప్లాస్టరు వేయించండి. మామూలు గులాబీ రంగు జిప్సం ప్లాస్టరు తేమను, లవణాలను పీల్చుకుని చెడిపోతుంది. రంగు కూడా గాలి ఆడే రకమే వేయాలి, ప్లాస్టిక్‌లా మెరిసే పూతలు వద్దు. సున్నం ఆరడానికి వారాలు పడుతుంది, హీటర్ పెట్టి తొందరపెడితే బీటలు తీస్తుంది. ప్లాస్టర్‌బోర్డు దారి ఎంచుకున్నవారికి ఈ బెడద లేదు, అతుకులకు పట్టీ వేసి పూత పూసి రంగు వేస్తే అయిపోతుంది.

మరకలు ఇప్పటికే ఉంటే

ముందున్నవారు గాలి లేకుండా మూసేసిన ఇల్లు మీకు దక్కితే, మరక మీద రంగు వేయడం డబ్బు దండగ. మరకను ఆపే పెయింటు కొన్నాళ్లే ఆపుతుంది. మొదట పైన వాన దిగకుండా చూసుకోండి, తర్వాత కింద గాలి కంత తెరిపించండి. ఆపై ఒక వేసవి ఆగండి. గోడ ఆరాక మరకపడ్డ ప్లాస్టరును, చుట్టూ 300 మి.మీ. అదనంగా కలిపి ఇటుక దాకా చెక్కించి, సున్నంతో కొత్తగా పూయించండి. ఉప్పు ఇటుకలో లోతుగా ఉంటే మరక మళ్లీ తేలవచ్చు. అప్పుడు గోడకు కొంచెం ఎడంగా చట్రం కట్టి, దాని మీద బోర్డు వేయించడమే మిగిలిన దారి. వానపడిన రోజే మరక ముదిరితే నీరు పైనుంచి దిగుతున్నట్టు. వానతో నిమిత్తం లేకుండా ఉక్కగా ఉన్న రోజుల్లో ముదిరితే అది లవణాల పని. ఈ తేడా చూశాకే మేస్త్రీని పిలవండి.

పని ముగిశాక

పక్కింటివారు ఇంకా కట్టెలు కాలుస్తుంటే రెండు గొట్టాల మధ్యనున్న సన్నని ఇటుక గోడ ఎక్కడో రాలి ఉండవచ్చు, వారి పొగ మీ గాలి కంతలోంచి రావచ్చు. కాబట్టి మీ ఇంట్లో మండేది ఏదీ లేకపోయినా ఆ గదిలో బీఎస్ ఈఎన్ 50291 అనే ప్రమాణపు ముద్ర ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. పక్కింట్లో పొయ్యి వెలిగిన సాయంత్రం జాలీ దగ్గర వాసన చూడండి. పొగ వాసన వస్తే ఇద్దరూ కలిసి చిమ్నీ మనిషిని పిలిపించి, పొగ పరీక్ష చేయించాలి, అప్పటిదాకా వారు పొయ్యి వెలిగించకూడదు.

ఊడ్చిన ధ్రువపత్రం, గ్యాస్ విడదీసిన కాగితం, ఆస్బెస్టాస్ పరీక్ష ఫలితం, ఏ కుండ ఏ గదిదో చూపే ఫోటో ఒకే కవరులో ఉంచండి. బోర్డు బిగించే ముందు దాని వెనక వైపు తేదీ, పైన వేసిన మూత రకం పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాయండి. రేపు దాన్ని విప్పేది ఎవరో మనకు తెలియదు.